పాదంలో ఇరవై ఆరు: అస్థిగణన నుంచి భగ్ననామాల దాకా ఒక చారిత్రక పరిశీలన

మనిషి శరీరంలోని 206 ఎముకల్లో 52 రెండు పాదాల్లోనే ఉన్నాయి. అంటే నాలుగో వంతు కన్న కాస్త ఎక్కువే. ఒక్కొక్క పాదంలో మడమ, చీలమండ కింది భాగాల్లో 7, వాటి ముందు వరుసగా పొడవాటివి 5, వేళ్ళలో 14, మొత్తం 26. ఈ లెక్క ఇవాళ ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా తెలిసినదే. అయితే ఈ సంఖ్యకు, ఈ ఎముకల పరిజ్ఞానానికి మధ్య ఉన్న సంబంధం పైకి కనిపించినంత సూటిగా లేదు. పాదంలోని ఎముకలను లెక్కించే ప్రయత్నం వైదిక వాఙ్మయ కాలం నుంచీ ఉంది. ఒక్కొక్క ఎముకను విడిగా ఎరగడం మాత్రం అది విరిగినప్పుడో, దాన్ని కోయవలసి వచ్చినప్పుడో జరిగింది. ఈ రెండు మార్గాల చరిత్రను సంస్కృత వైద్యగ్రంథాలు, తెలుగు దేహపదజాలం, ఐరోపా శస్త్రవైద్య చరిత్రల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్క మొదలైన చోటు

అథర్వవేదం పదవ కాండలో మనిషి నిర్మాణాన్ని గురించిన ఒక సూక్తం ఉంది. ఈ దేహాన్ని ఎవరు కూర్చారన్న ప్రశ్నల మాలిక అది. గమనించదగ్గది ఏమిటంటే ఆ ప్రశ్నలు శిరస్సుతో మొదలు కావు, మడమలతో మొదలవుతాయి. తరువాత చీలమండలు, వేళ్ళు వచ్చి, అక్కడి నుంచి వర్ణన పైకి పోతుంది. దేవతలను పాదాల నుంచి వర్ణించాలన్న తరువాతి అలంకారిక సంప్రదాయానికి ఇది మూలమని చెప్పడం తొందరపాటే అవుతుంది. కాని మనిషిని నిలబెట్టి చూసే చూపు అందులో ఉందన్నది స్పష్టం. నిలబడ్డ దేహాన్ని కింది నుంచి కట్టుకుంటూ పోయే గృహనిర్మాత చూపు అది.

శతపథ బ్రాహ్మణం ఎముకల సంఖ్యను 360గా నిర్ణయించింది. సంవత్సరంలోని రాత్రులు 360, మనిషిలోని ఎముకలు 360. అగ్నివేదిక చుట్టూ పేర్చే రాళ్ళతో ఎముకలకు సామ్యం కూడా అక్కడే కనిపిస్తుంది. ఇది దేహాన్ని తెరిచి చూసిన లెక్క కాదు, కాలానికీ దేహానికీ పొంతన కుదర్చడానికి వేసిన లెక్క. చరకసంహిత ఈ 360ని అలాగే నిలుపుకొంది. ఆ సంఖ్యకు చేరడానికి దంతాలను, దంతాల గూళ్ళను, గోళ్ళను కూడా ఎముకల్లో చేర్చుకోవలసి వచ్చింది. యాజ్ఞవల్క్యస్మృతిలోని జాబితా కూడా 360దే. ధర్మశాస్త్రంలో ఎముకల పట్టిక ఎందుకన్న ప్రశ్నకు సమాధానం అక్కడి సందర్భంలోనే ఉంది. యతి తన దేహాన్ని విరక్తితో చూడడానికి చెప్పిన పట్టిక అది. వైద్యానికి చెప్పినది కాదు.

చరకుని పట్టికలో పాదానికి సంబంధించిన భాగం చాలా ఆసక్తికరం. కాలుసేతుల వేళ్ళకు కలిపి 60 ఎముకలు, అంటే ఒక్కొక్క వేలికి మూడు. వాటి వెనక 20 శలాకలు, అంటే ఒక్కొక్క కాలికీ చేతికీ ఐదేసి. ఆ శలాకలకు ఆధారంగా నాలుగు అధిష్ఠానాలు, కాలికీ చేతికీ ఒక్కొక్కటి. మడమలు రెండు. కాళ్ళ గుల్ఫాలు నాలుగు. శలాక అంటే సన్నని కడ్డీ. తెలుగులో సలాక అయిన మాట ఇదే. మీగాలి చర్మం కింద వేలితో తడిమితే తగిలే ఐదు పొడవాటి ఎముకలకు ఇంతకన్న చక్కని పేరు దొరకడం కష్టం. కాని వాటి వెనక ఉన్న అరడజను చిన్న ఎముకలు చరకునికి ఒకే ఒక్క పీఠంగా కనిపించాయి. చర్మం మీద నుంచి తడిమి చూసేవాడికి అవి అలాగే తగులుతాయి. వేరువేరుగా కదలవు, వేరువేరుగా పొంగి ఉండవు. ఈ పట్టిక వేలికొసతో రాసిన పట్టిక అనవచ్చు.

సుశ్రుతుని ఇరవై ఆరు

సుశ్రుతసంహిత ఈ సంఖ్యా సంప్రదాయాన్ని బహిరంగంగా పక్కన పెట్టింది. వేదవాదులు 360 అంటారని, శల్యతంత్రంలో మాత్రం 300 మాత్రమేనని శారీరస్థానంలో చెప్పింది. దేహాన్ని పరీక్షించే పద్ధతి కూడా అక్కడే ఉంది. శవాన్ని గడ్డితో, నారతో చుట్టి, బోనులో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, తరువాత వట్టివేళ్ళు మొదలైన వాటి కుంచెతో మెల్లమెల్లగా రాచుతూ లోపలి భాగాలను కంటితో చూడాలన్నది ఆ విధానం. కత్తితో కోయకుండా, కుళ్ళిన మెత్తదనాన్ని ఆధారం చేసుకొని పొరలు విప్పే పద్ధతి ఇది. దీనిలో పెద్ద ఎముకలు చక్కగా బయటపడతాయి. కండరాలు, స్నాయువులు కరిగిపోతాయి. పాదం వంటి చోట, అంటే ఎముకలను కలిపి ఉంచే బంధాలే ప్రధానమైన చోట, చిన్న ఎముకలు కట్ట విడిపోయి కలగాపులగం అవుతాయి.

ఒక్కొక్క కాలికి సుశ్రుతుడు చెప్పిన ఎముకలు 30. అందులో తొడకు 1, మోకాలికి 1, పిక్కకు 2. మిగిలినవి పాదానివి: వేళ్ళకు మూడేసి చొప్పున 15, తల, కూర్చ, గుల్ఫాలకు కలిపి 10, మడమకు 1. ఈ మూడింటినీ కూడితే 26.

ఆధునిక శరీరశాస్త్రం లెక్కా 26. ఇక్కడ పరిశోధకుడు ఒక్క నిమిషం ఆగాలి. ప్రాచీన గ్రంథంలో ఆధునిక సత్యం దొరికిందని చాటే ఉత్సాహానికి ఇంతకు మించిన అవకాశం ఉండదు. కాని లోపలి లెక్క విప్పి చూస్తే సంగతి వేరు. కాలి బొటనవేలిలో ఉండేవి రెండే ఎముకలు. మూడు కావు. కనుక వేళ్ళ లెక్కలో 14కు బదులు 15 వచ్చి, ఒకటి ఎక్కువైంది. తల అన్నది చరకుని ఐదు శలాకలే అని తీసుకుంటే (అలా తీసుకోవడమే సమంజసం), కూర్చ, గుల్ఫాలకు మిగిలేవి ఐదు. మడమ ఎముకను పక్కన పెడితే ఆ ప్రాంతంలో నిజానికి ఉన్నవి ఆరు. ఇక్కడ ఒకటి తక్కువైంది. ఎక్కువైన ఒకటి, తక్కువైన ఒకటి ఒకదాన్నొకటి కొట్టివేసి 26ను మిగిల్చాయి. పైగా గుల్ఫం అన్న మాటకు అమరకోశం ఇచ్చిన అర్థం కాలి అంచున ఉబికి ఉండే గడ్డ. ఆ గడ్డలు పాదానివి కావు, పిక్క ఎముకల కొసలు. వాటిని మినహాయిస్తే లోటు ఇంకా పెరుగుతుంది. మొత్తం సరిపోయింది, పద్దులు సరిపోలేదు.

బొటనవేలికి మూడో ఎముకను అంటగట్టడం ఒక్క భారతీయుల పొరపాటు కాదు. గ్రీకు వైద్యుడు గాలెన్ చేతి బొటనవేలి విషయంలో ఇలాగే మూడు ఎముకలు లెక్కించాడు. అరచేతిలోని మొదటి పొడవాటి ఎముకను ఆయన వేలిలో కలిపాడు. ఈ తికమకకు శరీరనిర్మాణంలోనే ఒక హేతువు ఉంది. పిల్లల్లో ఎముక పొడవు పెరిగే మెత్తని పొర మిగిలిన నాలుగు శలాకలకు ముందు కొసన ఉంటే, మొదటి శలాకకు మాత్రం వేళ్ళ ఎముకల్లో లాగా వెనక కొసన ఉంటుంది. చేతిలోనూ కాలిలోనూ ఇదే తీరు. అది శలాకా, వేలి ఎముకా అన్న చర్చ ఆధునిక శరీరశాస్త్రజ్ఞుల్లో కూడా కొంతకాలం నడిచింది.

ఈ గణనలన్నింటినీ మొదటిసారి పక్కపక్కన పెట్టి పరీక్షించినవాడు రుడాల్ఫ్ హార్న్‌లే. ప్రాచీన భారతీయ వైద్యంలోని అస్థిశాస్త్రంపై ఆయన గ్రంథం 1907లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడింది. ప్రతులలోని పాఠాలను దిద్ది, లెక్కలు సరిచూసి, చరక సుశ్రుతుల పట్టికలను ఆధునిక శరీరశాస్త్రంతో పోల్చిన ఆ శ్రమ నేటికీ అనివార్యమైన ఆధారం. అయితే శుద్ధపాఠం ఒకటి ఉండి తీరాలని, అది వాస్తవ శరీరానికి దగ్గరగానే ఉండి ఉంటుందని హార్న్‌లే నమ్మాడు. ఆ నమ్మకం కొన్నిచోట్ల పాఠాన్ని శరీరం వైపు లాగింది. పద్దుల్లోని తేడాను తేడాగానే నిలపడం సాహిత్య పరిశోధకులకు ఎక్కువ ఉపయోగకరం. గ్రంథకర్త ఏ చోట తడిమాడో, ఏ చోట చూశాడో, ఏ చోట సంప్రదాయాన్ని అనుసరించాడో ఆ తేడాల్లోనే తెలుస్తుంది.

మర్మం, భగ్నం

లెక్కలో తడబడిన సుశ్రుతసంహిత గాయం దగ్గరికి వచ్చేసరికి ఆశ్చర్యకరమైన సూక్ష్మతను చూపుతుంది. పాదంలోని మర్మస్థానాల్లో క్షిప్రం బొటనవేలికీ పక్కవేలికీ నడుమ ఉంటుంది. దానికి పైన కూర్చం. చీలమండ కీలుకు కింద కూర్చశిరం. పాదమూ పిక్కా కలిసే చోట గుల్ఫం. కూర్చం దెబ్బ తింటే పాదం తిరిగిపోతుందని, వణుకుతుందని చెప్పి, దాన్ని వైకల్యం కలిగించే మర్మాల్లో చేర్చారు. గుల్ఫం దెబ్బతింటే నొప్పి, కాలు బిగుసుకుపోవడం, కుంటితనం. కూర్చమంటే కట్ట, దర్భల కట్ట వంటిది. అనేకమైన చిన్నవి ఒకటిగా బిగించి ఉన్న చోటు అన్న అవగాహన ఆ పేరులోనే ఉంది. విడివిడి ఎముకల లెక్క తెలియకపోయినా, అక్కడ ఉన్నది కట్ట అని, ఆ కట్ట వదులైతే పాదం నిలవదని తెలిసింది.

విరుపుల వర్గీకరణ నిదానస్థానంలో ఉంది. కీళ్ళు తప్పడం ఆరు విధాలు, ఎముక విరగడం పన్నెండు విధాలు. ఎముక పొడి కావడం, వంగడం, చిట్లడం, తెగిపోవడం, గుర్రం చెవిలా నిక్కడం వంటి భేదాలను రూపాన్ని బట్టి చేశారు, చోటును బట్టి కాదు. లేత ఎముకలు వంగుతాయని, గొట్టపు ఎముకలు విరుగుతాయని, పెంకు వంటివి పగులుతాయని అక్కడే చెప్పారు. చికిత్సాస్థానంలో అరికాలి విరుపుకు ప్రత్యేకంగా విధి ఉంది: పాదానికి నేయి రాసి, బద్దలు పెట్టి, గుడ్డపట్టీతో కట్టాలి, శ్రమ చేయకూడదు. చేతికి విధించిన చికిత్స దీనికి భిన్నం. అరచేయి విరిగినవాడు మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పుగడ్డను, బలం వచ్చాక రాతిని పట్టుకోవాలి. చేతికి వ్యాయామం, కాలికి నిషేధం. దేహం బరువంతా మోసే ఎముకకూ, మోయని ఎముకకూ ఉన్న తేడా ఇంత స్పష్టంగా తెలిసిన గ్రంథం పాదాస్థులను తప్పుగా లెక్కించిందంటే లెక్కకూ చికిత్సకూ ఆనాడు పెద్దగా పనిలేదనే అర్థం.

బద్దలకు వాడవలసిన చెట్ల పట్టిక కూడా ఉంది. ఇప్ప, మేడి, రావి, మోదుగ, తెల్లమద్ది, వెదురు, మర్రి అందులోవే. కట్టును చలికాలంలో ఏడు రోజులకు, సమకాలంలో ఐదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు విప్పి మార్చాలి. పూర్వపు చిత్తూరు జిల్లాలో పుత్తూరు దగ్గర రాచపాళెం కేంద్రంగా తెలుగునాట, తమిళనాట పేరు పొందిన పుత్తూరు కట్టులోనూ వెదురు బద్దలే ఆధారం. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, గుడ్డపట్టీ దానికి తోడు. దీన్ని సుశ్రుతునికి నేరుగా వారసత్వంగా చూపడానికి గ్రంథస్థమైన ఆధారం కావాలి. వెదురు ఎక్కడ పెరిగితే అక్కడ బద్దలకు వెదురే వాడతారన్నది కూడా సమాధానమే.

మీగాలు, చీలమండ

తెలుగు దేహపదజాలం పాదాన్ని ఎముకలుగా విభజించదు, తలాలుగా విభజిస్తుంది. కింది తలం అరికాలు. పైతలం మీఁగాలు, అంటే మీఁది కాలు. ముందు భాగం ముంగాలు. వెనక మడమ. పక్కన పొడుచుకు వచ్చేది చీలమండ. చీల అంటే మేకు, కొయ్యలో దిగగొట్టే మొల. మండ అంటే చేతికో కాలికో ఉన్న వెడల్పు భాగం. చీలమండను చీల, మండలుగా విడదీస్తే వచ్చే అర్థం వడ్రంగిది: పాదాన్ని పిక్కకు బిగించిన మేకు. ఆధునిక శరీరశాస్త్రం కూడా ఈ కీలును వర్ణించడానికి వడ్రంగి భాషనే వాడడం విశేషం. పిక్క ఎముకల రెండు కొసలు గాడిలా నిలబడితే, పాదంలో అన్నిటికన్న పైనున్న ఎముక ఆ గాడిలో కూసంలా ఇముడుతుంది.

కావ్యాల్లో మీగాళ్ళను తాబేటి చిప్పతో పోల్చడం పాతబడ్డ కవిసమయం. లలితాసహస్రనామంలో దేవి చీలమండలు కనిపించనివి, ప్రపదాలు తాబేటి వీపును మించినవి. సాముద్రికం కూడా కప్పబడిన చీలమండలను శుభలక్షణంగానే చెబుతుంది. ఈ పోలికలో అందం ఒక్కటే చూడడం అలవాటైంది. కాని తాబేటి చిప్ప పాదం నిర్మాణానికి చాలా సరైన ఉపమానం. పాదంలోని చిన్న ఎముకలు రాతివంతెన కమానులా అమరి ఉంటాయి. మధ్యలో ఉన్నవి పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉండే ఆప్పు ఆకారంలో ఉన్నందువల్లే బరువు పడ్డకొద్దీ బిగుస్తాయి తప్ప జారవు. కవి చూసినది ఆ కమాను పైభాగాన్ని. ఇక వైద్యుని దృష్టిలో మాత్రం చీలమండ కనిపించకపోవడం శుభలక్షణం కాదు, వాపు.

ప్రపదం అన్న మాట అమరకోశంలో కాలి ముందుకొన. తాబేటి వీపు ఉపమానంలో దాని పరిధి మీగాలి దాకా విస్తరించింది. 20వ శతాబ్దిలో శాస్త్ర పాఠ్యపుస్తకాలు మీగాలిలోని ఐదు పొడవాటి ఎముకలకు ప్రపాదాస్థులు అని పేరు పెట్టినప్పుడు ఈ విస్తృతార్థమే వాటికి ఆసరా అయింది. గణనాథసేన్ సంస్కృతంలో ప్రత్యక్షశారీరం రాసి, ఆధునిక శరీరశాస్త్రానికి ప్రాచీన పదాలను సర్దిన ప్రయత్నం భారతీయ భాషల పరిభాషలకు మార్గం చూపింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురణలూ మొత్తం మీద సంస్కృతపదాల మార్గాన్నే నడిచాయి. చరకుని శలాక అప్పటికే తెలుగులో సలాకగా జనం నోట ఉన్నా ఎవరూ దాన్ని అందుకోలేదు.

కోత నుంచి వచ్చిన పేర్లు

ఐరోపాలో 1543లో వెసాలియస్ గ్రంథం వెలువడేనాటికి పాదం ఎముకల చిత్రాలు దాదాపు ఇవాళ్టి రూపానికి వచ్చాయి. శవాన్ని కోసి, ఎముకలను ఉడికించి, తీగలతో గుచ్చి నిలబెట్టిన అస్థిపంజరం వారి ఆధారం. అప్పటి నుంచి లెక్క సమస్య తీరిపోయింది. విరుపులకు పేర్లు మాత్రం ఇంకో రెండున్నర శతాబ్దాల తరువాత గాని రాలేదు. వచ్చినప్పుడూ పేర్లు ముందు కోతకు వచ్చాయి.

ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఫ్రాంస్వా షోపార్ 18వ శతాబ్ది చివర, మడమ, దానిపై ఎముకలను నిలిపి, వాటి ముందున్న కీళ్ళ వరుస వెంట పాదాన్ని తొలగించే పద్ధతిని అనుసరించాడు. 1792లో ఆయన శిష్యుడు దాన్ని ప్రచురించాడు. నెపోలియన్ సేనలో పనిచేసిన జాక్ లిస్‌ఫ్రాంక్ 1815లో ఇంకొంచెం ముందుకు జరిగి, ఐదు శలాకల మూలాల దగ్గర పాదాన్ని వేరుచేసే పద్ధతిని వివరించాడు. మత్తుమందు లేని ఆ కాలంలో ఎముకను రంపంతో కోయడం కన్న కీలు సందులో కత్తి తిప్పడం ఎన్నో నిమిషాల బాధను తగ్గించేది. అందుకే ఆ శస్త్రవైద్యులు ఆ సందుల వంకరలను కంఠపాఠంగా నేర్చారు. ఇవాళ అదే వరుసలో ఎముకలు విరిగి కీళ్ళు తప్పితే దాన్ని లిస్‌ఫ్రాంక్ గాయం అంటారు. ఆ గాయాన్ని లిస్‌ఫ్రాంక్ వర్ణించలేదు. రికాబులో పాదం ఇరుక్కుపోయి గుర్రం మీద నుంచి పడిన రౌతుల కథ ఆయన పేరుకు అతుక్కుంది.

ఆ వరుసలో రెండో శలాక మూలం తన ఇరుగుపొరుగు కన్న వెనక్కి జరిగి, ఆప్పు ఎముకల మధ్య గూట్లో దిగి ఉంటుంది. కమానుకు నడిమి రాయి అదే. మొదటి, రెండవ శలాకల మూలాలను నేరుగా కలిపే స్నాయువు లేదు. లోపలి ఆప్పు ఎముక నుంచి రెండో శలాకకు ఏటవాలుగా సాగిన ఒక్క బలమైన స్నాయువు మీదే ఆ చోటు పట్టు ఆధారపడింది. అది తెగితే పాదం చదునై వెడల్పవుతుంది, ఎక్స్‌రేలో కనిపించే ఎడం మాత్రం రెండు మిల్లీమీటర్లే కావచ్చు. దాదాపు ఐదింట ఒక గాయం మొదటి పరీక్షలో కంటపడకుండా పోతుందని శస్త్రవైద్య గ్రంథాలు తరచు చెబుతాయి. సుశ్రుతుని కూర్చమర్మం కూడా ఇంచుమించు ఇదే చోట, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నుంచి పైకి జరిగి ఉంది. దెబ్బతింటే పాదం తిరిగిపోతుందన్న ఫలితమూ దగ్గరగానే ఉంది. రెండూ ఒకటేనని నిరూపించడం మర్మసిద్ధాంతాన్ని శస్త్రశాస్త్రంగా కుదించడమే అవుతుంది. అయినా ఒకే చోటు రెండు సంప్రదాయాలకూ ప్రమాదకరంగా తోచిందన్నది పక్కన పెట్టదగినది కాదు.

సిపాయి, వైద్యుడు, విమానచోదకుడు

1855లో బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు దూరం నడిచిన సిపాయిల మీగాళ్ళలో వచ్చే బాధాకరమైన వాపును వర్ణించాడు. దెబ్బ తగలలేదు, పడలేదు, నడవడం తప్ప ఏమీ చేయలేదు. ఎముక కారణమని ఆయనకు తట్టే అవకాశం లేదు. 1895 చివర రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్న రెండేళ్ళలోపే, 1897లో, అలాంటి పాదాల చిత్రాల్లో రెండో, మూడో శలాకల్లో సన్నని చీలికలు కనిపించాయి. నలభై ఏళ్ళుగా వాపు అనుకున్నది విరుపు అయింది. నడక ఎముకను విరగగొట్టగలదన్న సంగతి ఆ సిపాయిల కాళ్ళ వల్ల తెలిసింది.

లివర్‌పూల్‌లోని రాబర్ట్ జోన్స్ కథ దీనికి తోడు. తరతరాలుగా ఎముకలు కట్టే నాటువైద్యుల కుటుంబం నుంచి వచ్చిన, వరుసకు మామ అయిన హ్యూ ఓవెన్ థామస్ దగ్గర ఆయన పని నేర్చుకున్నాడు. 1896 ఫిబ్రవరిలోనే ఎక్స్‌రే చిత్రాన్ని వైద్యంలో వాడిన తొలి బ్రిటిష్ వైద్యుల్లో ఆయన ఒకడు. కొన్నేళ్ళ తరువాత నాట్యం చేస్తూ మడమ పైకెత్తిన సమయంలో పాదం వెలుపలి అంచు మీద బరువు పడి ఆయన కాలు గాయపడింది. మొదట స్నాయువు తెగిందనుకున్నాడు. చిత్రం తీయిస్తే ఐదో శలాక మూలం దగ్గర విరిగి ఉంది. తన అనుభవాన్నీ, మరికొందరు రోగుల వివరాలనూ కలిపి 1902లో ప్రచురించాడు. నేరుగా దెబ్బ తగలకుండా, మెలికతోనే ఎముక విరగవచ్చునన్నది ఆ వ్యాసం చెప్పిన సంగతి. బెణుకు అని తోసిపుచ్చిన వాటిలో కొన్ని విరుపులని తొలిసారి గట్టిగా చెప్పినదీ అదే.

ఆ ఎముక మూలంలోనే రెండు వేరు విరుపులు ఉన్నాయని తరువాత తేలింది. వెలుపలి బుడిపె ఊడిరావడం తేలికగా అతుక్కుంటుంది. దానికి ఒక్క సెంటీమీటరు పైచిలుకు ముందుగా, రక్తప్రసరణ పలచబడే చోట విరిగితే అతుకు నెలల తరబడి ఆలస్యమవుతుంది, ఒక్కొక్కసారి పడదు కూడా. జోన్స్ పేరు ఈ రెండోదానికి నిలిచింది.

చీలమండ గాడిలో ఇమిడిన ఎముక కథ యుద్ధానిది. దానికి ఒక్క కండరమూ అంటుకొని ఉండదు. ఉపరితలంలో సగానికి పైగా మృదులాస్థి కప్పి ఉంటుంది. అందువల్ల రక్తనాళాలు ప్రవేశించే సందులు చాలా తక్కువ. మెడభాగంలో విరిగితే లోపలి భాగం రక్తం అందక చచ్చుబడిపోవచ్చు. పూర్వం గ్రీకులు గొర్రెల, మేకల ఇదే ఎముకను పాచికగా విసిరి ఆడేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలు ముక్కు కిందుగా కూలినప్పుడు చోదకుని అరికాలి కింద ఉన్న కడ్డీ పైకి తన్నేది. ఆ దెబ్బకు విరిగిన 18 కేసులను ఆండర్సన్ 1919లో వర్ణించి, ఆ విరుపుకు విమానచోదకుల పేరే పెట్టాడు. 1970లో హాకిన్స్ ఎముక ఎంత జరిగిందన్న దాన్ని బట్టి మూడు తరగతులు చేశాడు. ఎంత ఎక్కువ జరిగితే అంత ఎక్కువ రక్తనాళాలు తెగినట్టు.

వీటన్నిటిలో పెద్దది మడమ ఎముక. ఎత్తు నుంచి నిలువుగా పడినప్పుడు దేహం బరువంతా పై ఎముక గుండా దాని మీదికి గొడ్డలిలా దిగుతుంది. లోపల స్పంజిలా ఉండే ఆ ఎముక చిట్లదు, నలుగుతుంది. 1931లో వియన్నా వైద్యుడు బోలర్ ఎక్స్‌రేలో దాని పైఅంచుల కోణాన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. మామూలుగా 20 నుంచి 40 డిగ్రీలుండే కోణం నలిగినకొద్దీ తగ్గుతుంది. ఇలా పడినవారిలో పది మందిలో ఒకరికి నడుము వెన్నుపూస కూడా విరిగి ఉంటుందని వైద్యగ్రంథాలు హెచ్చరిస్తాయి. తెలుగునేల మీద తాటిచెట్టెక్కే గీత కార్మికునికీ, పరంజా మీద నిలబడే భవన కార్మికునికీ ఈ హెచ్చరిక వర్తించినంతగా మరెవరికీ వర్తించదు. మడమ తిప్పడం తెలుగులో ఓటమికి పర్యాయం. మడమ నలిగినవాడి బతుకుతెరువుకు మాత్రం ఆ భాషలో ప్రత్యేకమైన మాట లేదు.

వేళ్ళ గురించి చెప్పవలసింది తక్కువ. పాదంలో అన్నిటికన్న తరచుగా విరిగేవి అవే. రాయికో గడపకో తగిలి, పక్కవేలికి జోడించి కట్టు కడితే చాలావరకు అతుక్కుంటాయి. తెలుగు ఈ ప్రమాదానికి ఎదురుదెబ్బ అని పేరు పెట్టి, తరువాత దాన్ని రాజకీయాలకు అప్పగించింది.

బెణుకు అన్న మాట

చిట్లు, పగులు, విరుగు, నలుగు, తొలగు అనే క్రియలు తెలుగులో ఉన్నాయి. సుశ్రుతుని పన్నెండు భేదాల్లో చాలావాటికి వీటితో సమానార్థకాలు చెప్పవచ్చు. పాదం విషయంలో మాత్రం వాడుకలో వీటన్నిటినీ బెణుకు మింగేసింది. కాలు మెలిక పడి వాస్తే బెణికిందంటారు. కాపడం పెడతారు, ఉప్పూ పసుపూ పట్టు వేస్తారు, నూనెతో తోముతారు. నిజంగా బెణికినదైతే చాలావరకు మానిపోతుంది కూడా. ఐదో శలాక విరిగిన పాదాన్ని, రెండో శలాక మూలం జారిన పాదాన్ని కూడా అదే మాటతో పిలిచినప్పుడు, ఆ తోమడమే నష్టం చేస్తుంది. భాషలో మాటలు లేక కాదు ఈ నష్టం. విరిగితే నడవలేరన్న నమ్మకం వల్ల. ఐదో శలాక విరిగినవారు కుంటుకుంటూ నడుస్తారు.

1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు ఎక్స్‌రే ఎప్పుడు అవసరమో నిర్ణయించడానికి కొన్ని సూత్రాలు రూపొందించారు. పాదం విషయంలో అవి చాలా పొట్టివి. నడిమి పాదంలో నొప్పి ఉండి, ఐదో శలాక మూలం మీద వేలితో నొక్కితే నొప్పి పుడుతుందా? లోపలి వైపు నావ ఆకారపు ఎముక మీద నొక్కితే పుడుతుందా? దెబ్బ తగిలిన వెంటనే, మళ్ళీ ఆసుపత్రిలోనూ, నాలుగు అడుగులు వేయగలరా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా చిత్రం తీయాలి. యంత్రాన్ని పిలవాలా వద్దా అన్నది మళ్ళీ వేలికొసే నిర్ణయిస్తుంది. పుత్తూరు కట్టు కట్టేవారు మొదట చేసేదీ తడమడమే. తేడా ఏమిటంటే, ఎక్కడ నొక్కాలో ఇక్కడ చోటు పేరుతో సహా రాసి ఉంది.

ఆ చోటుకు తెలుగులో పాఠ్యపుస్తకం పేరు ఐదవ ప్రపాదాస్థి మూలం. రోగి దానికి చెప్పే పేరు చిటికెనవేలి వైపు కాలి అంచున, మధ్యలో ఉండే బుడిపె. చరకుని మాటలో అది ఐదో సలాక మొదలు.